నూటికి ఎన్ని

నాన్న వచ్చాడంటే
చేలో ఏదో పోయిందనే అర్థం.
కనోరా చుట్టుపక్కల అందరికీ ఆ బూడిదరంగు కారు తెలుసు:
డిక్కీలో రబ్బరు బూట్లు, ఒక మీటరు కర్ర,
ఫ్లాస్కులో పాలు పోయని టీ,
చెవి మీద మొండి పెన్సిలు.
నెస్టర్ హావ్రిలుక్, వడగళ్ళ బీమా.
కార్డు మీద అంతే ఉండేది.

జూలై మధ్యాహ్నం
పడమట ఆకాశం ఆకుపచ్చగా మారితే
ఊళ్ళో అందరూ కిటికీలు మూసేవాళ్ళు.
నాన్న వాకిట్లో నిలబడి
మబ్బు ఎవరి చేను మీదుగా నడుస్తోందో
పేరు పేరునా చెప్పేవాడు, మెల్లగా,
వాళ్ళకు ఒంట్లో బాగాలేదని కబురు చెప్పినట్టు.

ఒక్క వేసవి నన్నూ తీసుకెళ్ళాడు. నాకు పదకొండు.
పాలుపట్టిన గోధుమ, విరిగిన చోటల్లా పచ్చివాసన.
నాన్న మోకాళ్ళ మీద కూర్చుని
ఒక సాలు పట్టుకుని వంద కాడలు లెక్కపెట్టాడు:
విరిగినవి, వంగినవి, గాయపడి నిలబడ్డవి.
మూడింటికీ మూడు గడులు.
"అంతా పోయింది కదా నాన్నా" అన్నాను.
"అంతా అనేది అంకె కాదు" అన్నాడు.

ఆ రైతుతో ఇంకో మాట కూడా అన్నాడు.
దెబ్బ తగిలిన రోజున లెక్క కట్టకూడదు,
పది రోజులు ఆగుదాం.
వంగినవాటిలో కొన్ని లేస్తాయి.
నిలబడ్డవాటిలో కొన్ని
లోపల చచ్చిపోయి ఉంటాయి, ఇవాళ తెలియదు.

కాకిలెక్కలు చెల్లేవి కావు ఆయన దగ్గర.
సొంత ఆవులు తొక్కిన మూలను
వడగళ్ళ పద్దులో కలపబోయాడొకడు.
నాన్న గిట్ట దిగిన గుంటలో వేలు పెట్టి చూశాడు.
ఏమీ అనలేదు. ఆ మూల కొట్టేశాడు.
కొట్టేసి, చీకటి పడేదాకా ఉండి
వాడి కంచె వాడితో కలిసి బాగుచేసి వచ్చాడు.

విన్నిపెగ్ ఆఫీసు వాళ్ళు ఒకసారి
డెబ్భై రెండును అరవై చేయమన్నారు.
"మీరే వచ్చి లెక్కపెట్టండి, బూట్లు నా దగ్గరున్నాయి"
అని ఫోను పెట్టేశాడు.
ఎవరూ రాలేదు.
డెబ్భై రెండు డెబ్భై రెండుగానే ఉండిపోయింది.

ఇంట్లో మాత్రం అంత మర్యాద దొరికేది కాదు.
క్యాబేజీలు జల్లెడైన ఏడు
అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి
పరిహారం ఇమ్మంది.
ఆయన నిజంగానే బూట్లు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళి
కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు:
నష్టం నూటికి నలభై,
మిగిలిన అరవైతో బోర్ష్ కాచుకోవచ్చు.
ఫ్రిజ్ తలుపు మీంచి ఆ కాగితం
అమ్మ ఇంకా తీయలేదు.

ఆయన పోయిన పదో రోజున
డిక్కీ తెరిచాను.
బూట్లకు ఎండిన మట్టి, ఎవరి చేనిదో.
నోటుబుక్కు చివరి పేజీలో
మూడు గడులు గీసి ఉన్నాయి, ఖాళీగా.
నా పేరు రాసుకుందామనుకుని
పెన్సిలు చెక్కి, మానేశాను.
పది రోజులు చాలలేదు నాన్నా.

నలభయ్యో రోజు, చర్చి కింది హాలు.
మా ఆచారం ప్రకారం తేనె కలిపిన ఉడికిన గోధుమ
తలా ఒక చెంచా.
పైనుంచి ఇంకా పాట దిగుతోంది,
నిత్యమూ జ్ఞాపకం, నిత్యమూ జ్ఞాపకం అంటూ.
ఎనభై దాటిన టోర్గర్సన్ వచ్చాడు,
మా మతం కాదు, మా భాష కాదు,
టోపీ రెండు చేతులా నలుపుతూ.

"మీ నాన్న రెండుసార్లు నాకు సెంటు కూడా ఇప్పించలేదు"
అన్నాడు, చూపు ప్లేటు మీదే ఉంచి.
"కానీ మా చేను ఆ గట్టు నుంచి ఈ గట్టుకి
పూర్తిగా నడిచింది ముగ్గురమే,
నేనూ, మా ఆవిడా, ఆయనా."

తినేసి ప్లేటు మళ్ళీ చాపాడు.
ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కి,
వెలుతురుకు ఎత్తి పట్టుకుని
"ఎవరి గోధుమ ఇది?" అని అడిగాడు.

తెలియదన్నాను.

నాన్నకైతే తెలిసేది.